పన్నెండు అంగుళాల కత్తెరా, పదకొండు కుట్లూ

మస్కట్ శివార్లలోని అల్ అమెరాత్‌లో దిష్‌దాషాలు కుట్టే ఖమరుద్దీన్ మాస్టరు టేపు వాడడు. మెడలో వేసుకుంటాడు గాని అది అలంకారానికి. డాక్టరు మెడలో స్టెతస్కోపు కనిపిస్తేనే జనం నాలుక చాపుతారు కదా, అదే లెక్క. మనిషి గడప దాటి సలాం చెప్పేలోపు ఆయన కళ్ళు భుజాల మీంచి మడమల దాకా దిగి, మళ్ళీ పైకెక్కి, అంగుళాలన్నీ తేల్చేస్తాయి. ఒకసారి రోడ్డుకు అవతల ఆగిన బస్సులో కిటికీ పక్కన కునుకు తీస్తున్న మనిషికి ఇవతల నుంచే కొలత తీశాడనీ, వారం తరవాత ఆ మనిషి బస్సు దిగి దుకాణంలోకి వస్తే, తయారైన దిష్‌దాషా చేతిలో పెట్టాడనీ చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే. కానీ అది ఆ మనిషికి సరిపోయిందన్న మాట మాత్రం నిజం.

దిష్‌దాషా అంటే ఇక్కడి మగవాళ్ళు వేసుకునే, మడమల దాకా జారే పొడుగు అంగీ. మెడ దగ్గర చిన్న కుచ్చు వేలాడుతుంది. దానికి అత్తరు అద్దుకుంటారు. చూడటానికి తెల్లటి గొట్టంలా ఉంటుంది, ఇందులో పనితనమేముంది అనిపిస్తుంది. కష్టమంతా అక్కడే ఉంది. ప్యాంటులో తప్పును బెల్టు దాస్తుంది, చొక్కాలో తప్పును టక్కు దాస్తుంది. గొట్టంలో తప్పు దాక్కోవడానికి చోటు లేదు. భుజం దగ్గర పావు అంగుళం తేడా వస్తే మనిషి మొత్తం ఒరిగిన కరెంటు స్తంభంలా కనిపిస్తాడు.

ఖమరుద్దీన్‌ది ప్రొద్దుటూరు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట ఒక ట్రంకు పెట్టెతో, పన్నెండు అంగుళాల కత్తెరతో మస్కట్‌లో దిగాడు. ట్రంకు పెట్టె ఏనాడో తుప్పు పట్టిపోయింది. కత్తెర ఉంది. దాన్ని వేరేవాళ్ళు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అలుగుతుందట. ఆ అలక తీరడానికి రెండు రోజులు పడుతుందట.

ఆ దుకాణానికి ఒక పద్ధతి ఉంది. ఇప్పటి యజమాని ఖల్ఫాన్ తండ్రికి చివరి రోజుల్లో చూపు పోయింది. అయినా ఆయన రోజూ వచ్చి, కటింగ్ బల్లకు వీపు పెట్టి కూర్చునేవాడు. కత్తెర చప్పుడు వినేవాడు. అంచు దగ్గర మొదలైన కర్రుమనే చప్పుడు భుజం దాకా ఎక్కడా తెగకుండా రావాలి. మధ్యలో ఆగిందా, ఆ మాస్టరు చేయి నమ్మకమైనది కాదు, ఆ గుడ్డ పక్కన పెట్టేయమనేవాడు. ఖమరుద్దీన్‌ను ఆయన అలా చెవులతోనే చూసి పనిలో పెట్టుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ చప్పుడు ఒక్కసారి కూడా తెగలేదు.

పోయిన ఏడాది సెప్టెంబరులో షట్టరు తెగింది.

దుకాణం మూస్తుంటే పైనుంచి జారిన రేకు షట్టరు అంచు ఆయన కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న మెత్తటి చోట పడింది. ఆసుపత్రిలో పదకొండు కుట్లు వేశారు. వేస్తున్నంతసేపూ ఖమరుద్దీన్ ఆ యువ డాక్టరుకు సలహాలిస్తూనే ఉన్నాడట. దారం పొడుగు ఎక్కువైంది, ముడి పక్కకు పోతోంది, మూడో కుట్టుకూ నాలుగో కుట్టుకూ మధ్య ఎడం సమంగా లేదు అని. చివరికి డాక్టరు, సూది మీరే పట్టుకుంటారా అని అడిగితే, కుడిచెయ్యి ఖాళీ లేదు కాబట్టి ఊరుకున్నానని నాతో చెప్పాడు.

గాయం మానింది. కుట్లు విప్పారు. కానీ మచ్చ బిగుసుకుని, బొటనవేలు తెరుచుకోవడం మానేసింది. చూపుడువేలికీ దానికీ మధ్య రెండు వేళ్ళ సందు కూడా రావడం లేదు. పన్నెండు అంగుళాల కత్తెర పిడి నోరు తెరవాలంటే బొటనవేలు ముందు నోరు తెరవాలి కదా.

డిసెంబరులో ఖల్ఫాన్ ఒక అట్టపెట్టె తెచ్చి దుకాణం మధ్యలో పెట్టాడు. లోపల కరెంటుతో గుడ్డ కోసే మిషను ఉంది. ఖల్ఫాన్ చెడ్డవాడు కాదు. హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడతాడు. ఆ కలిపిన భాషలో ఆయన అన్న మాట ఇది:

"ఖమర్, నీ మీద నాకు కోపం లేదు. ఈద్ ఆర్డర్ల మీద భయం ఉంది. రంజాన్ మొదలయ్యే ముందటి శుక్రవారం దాకా ఈ పెట్టె విప్పను. ఆ రోజు నువ్వు నా ముందు ఒక దిష్‌దాషా కొయ్యి. నాన్న విన్నట్టే నేనూ వింటాను. చప్పుడు తెగకపోతే నువ్వే మాస్టరువి. తెగితే పెట్టె విప్పుతాను, నువ్వు గుండీలు కుట్టే మూలకు వెళ్ళు. మాఫీ ముష్కిల్."

మాఫీ ముష్కిల్ అంటే ఏ ఇబ్బందీ లేదని అర్థం. ఇబ్బంది ఉన్నప్పుడే ఇక్కడ ఆ మాట అంటారు.

ఆ పెట్టె మీద ఖమరుద్దీన్ ఛాయ్ పెట్టుకునేవాడు. గిరాకీలు కూర్చునేవారు. ఎవరు దాని మీద కూర్చున్నా ఆయన లేవనిచ్చేవాడు కాదు. ఎంత బరువు పడితే లోపలి మిషనుకు అంత మంచిదని ఆయన ఉద్దేశం.

నేను ఆయన్ని చూసింది అజైబాలోని ఒక క్లినిక్‌లో. అక్కడ నవీన అనే జగిత్యాల అమ్మాయి ఫిజియోథెరపీ చేస్తుంది. నా కుడి భుజం బిగుసుకుపోయి, చొక్కా వేసుకోవాలంటే మా అమ్మాయిని కేకేయాల్సిన రోజులవి. ఆదివారం, బుధవారం వెళ్ళేవాణ్ణి. రెండు మంచాలు, మధ్యలో ఆకుపచ్చ తెర. తెర చూపును ఆపుతుంది గాని మాటను ఆపదు. అందుచేత ఈ కథలో నేను చూసింది సగం, విన్నది సగం, మిగతా సగం నా సొంతం.

మొదటి రోజు తెర అవతల నుంచి స్టీలు వస్తువులు ట్రేలో సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"ఏం బేటీ ఇవి? కొబ్బరి కోరేటివా?"

"టూల్స్ చాచా. చెయ్యి ఇట్ల పెట్టుండ్రి. లూస్‌గ."

"కొయ్యవు గదా?"

"కోసేది మీ పని. మేం మెల్లగ గీకుతం, అంతే. రక్తం పల్చబడే మందులేమన్న వాడుతున్నరా? షుగర్ ఉన్నదా?"

"షుగరు ఛాయ్‌లో తప్ప యాడా ల్యా."

నేను తెర కొంచెం పక్కకు జరిపాను. భుజానికి గాలి కోసం. నవీన ఆయన చేతికి మైనం లాంటిదేదో రాసి, అర్ధచంద్రంలా వంగిన ఒక స్టీలు పనిముట్టు తీసుకుంది. అంచు పదునుగా లేదు. దాన్ని ఏటవాలుగా పట్టుకుని మచ్చ పక్క నుంచి మెల్లగా లాగుతోంది.

"పైన మంచిగనే మానింది చాచా. తోలు కింద పొరలుంటయి. ఒకదాని మీద ఒకటి జారాలె. మీకు అవి అతుక్కున్నయి. అందుకే వేలు తెరుసుకుంటలేదు."

"అంటే అస్తరు పైగుడ్డకు అంటుకున్నట్ల."

"అస్తరంటే?"

"కోటు లోపలేసే గుడ్డ, పాపా. పైది పైదే, లోపలిది లోపలిదే. దేని దోవన అది జరగల్ల. జిగురు పడి రెండూ అంటుకున్యాయనుకో, చెయ్యెత్తితే కోటంతా లేస్తాది."

నవీన చేయి ఆపింది. "నేను నాలుగున్నరేళ్ళు చదివింది మీరు ఒక్క మాటల చెప్పిండ్రు."

"నేను పదేండ్లు దెబ్బలు తిని నేర్చుకున్యా. లెక్క సరిపోయె."

టూల్ మళ్ళీ కదిలింది. తరవాత నవీన అంది, "ఇగో, ఈడ. తెలుస్తున్నదా? టూల్ గరగర అంటది. అతుక్కున్నది ఈడనే."

ఖమరుద్దీన్ వంగి చెవి తన చేతికి ఆనించాడు.

"చెవి తియ్యుండ్రి చాచా, నాకు కనబడ్తలేదు."

"ఉండు. ఇసక పడిన గుడ్డ మీద కత్తెర పోయినట్ల ఉండాది. చేతికి తెలుస్తాదా నీకు?"

"ఆ టూల్‌ల నుంచే తెలుస్తది."

ఆ మాటతో ఆయనకు ఆమె మీద గౌరవం కలిగింది. కత్తెరలోంచి గుడ్డను వినే మనిషికి, స్టీలులోంచి కండను వినే పిల్ల దొరికింది. అయినా గౌరవం ఎక్కువసేపు నోరు మూసుకోదు.

"ఇంత నిదానంగా గీకితే ఎప్పటికయ్యేది? గెట్టిగా నూకు బేటీ. మరకలు అట్లనే గదా పోయేది."

"గట్టిగ నూకితే కొత్త గాయమైతది. మళ్ళ అది మానాలె, మళ్ళ అతుకుతది. అసలు టూల్ చేసేది కొంచమే. మిగతాదంత మీ ఎక్సర్‌సైజే."

ఇంటి పని కూడా ఇచ్చింది. బొటనవేలు, చూపుడువేలు చాపి వస్తువులను చుట్టి పట్టుకోవాలి. మొదట ఇక్కడి చిక్కటి కరక్ ఛాయ్ కప్పు. అది సులువైతే నీళ్ళ సీసా. తరవాత లబన్ మజ్జిగ సీసా. ఆఖరికి ఫ్లాస్కు. ఫ్లాస్కు చేతిలో నిలిచిన రోజు కత్తెర పట్టుకోవచ్చంది.

మర్నాడు చేతి మీద ఎర్రచుక్కలు లేచాయి. రెండు రోజుల్లో పోతాయని నవీన ముందే చెప్పింది. ఆ సంగతి ఆయన ప్రొద్దుటూరులో ఉన్న భార్య సఫియాకు చెప్పలేదు. వీడియో కాల్‌లో ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, ఎవరు కొట్టినారు అని. ఇరవై ఏడేళ్ళ పిల్ల అని ఈయన నిజం చెప్పాడు. ఆ తరవాత జరిగింది ఆయన నాకు చెప్పలేదు, నేనూ కల్పించదలచుకోలేదు.

మూడో వారానికి కప్పు దాటి నీళ్ళ సీసాకు వచ్చాడు. శుక్రవారానికి ఇంకా ముప్పై రోజులున్నాయి. అంతా సవ్యంగా సాగుతున్న ఆ సమయంలో నేను నోరు తెరిచాను.

నేను చదివింది కాకినాడ కాన్వెంటులో. అబద్ధం చెబితే నాలుక మీద నల్లమచ్చ వస్తుందని మా సిస్టర్ చెప్పేది. ఆరేళ్ళ నుంచి డెబ్బై ఒకటో ఏడు దాకా నాలుక అద్దంలో చూసుకుంటూనే ఉన్నాను. ఏమీ రాలేదు. దాంతో ధైర్యం పెరిగింది. ఆ బుధవారం నవీన ఫోను మాట్లాడుతుంటే, భుజం మీద వేడి మూటతో నేనూ, చేతిలో నీళ్ళ సీసాతో ఖమరుద్దీనూ ఖాళీగా ఉన్నాం. కాలక్షేపానికి ఒక కథ చెప్పాను.

"మాస్టరుగారూ, మా కాకినాడలో ఇస్త్రీ బండి వీర్రాజని ఒకడుండేవాడు. ఒకనాడు నడుం పట్టేసి సున్నాలా వంగిపోయాడు. ఆసుపత్రులన్నీ తిరిగాడు. ఎవరివల్లా కాలేదు. చివరికి తన బండి మీద తనే బోర్లా పడుకుని, వీపు మీద తడిగుడ్డ పరిపించుకుని, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మెల్లగా రుద్దించుకున్నాడు. మూడు రుద్దులు. మడత పోయింది. లేచినవాడు లేచినట్టే వెళ్ళి, బురదలో దిగబడిన లారీని ఒక్కడే తోశాడు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. చేతిలోని సీసా వంక చూస్తూ, "తడిగుడ్డేసి గదా?" అన్నాడు.

"తడిగుడ్డ వేసే," అన్నాను, లారీ సంగతి అడగలేదేమని బాధపడుతూ.

అబద్ధం విన్నవాడు నవ్వకపోతే కథకుడు అక్కడికక్కడే ఒప్పేసుకోవాలి. అది ఈ వృత్తి నియమం. నేను తప్పాను. ముడతపడిన గుడ్డను చూస్తే తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టడమనేది నలభై ఏళ్ళుగా ఊపిరి తీసినంత మామూలైన మనిషి ముందు ఆ కథ చెప్పాను. ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకునేవారు.

ఆదివారం ఆయన చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు.

"ఏమైంది చాచా?"

"ఛాయ్ పడ్న్యాది."

నవీన గుడ్డ విప్పింది. చేతిని వెలుగు వైపు తిప్పి చూసింది. నేను మళ్ళీ గాలి కోసం తెర జరిపాను. మచ్చ మీద ఎర్రగా కమిలిన చోటుంది. ఒక మొన, ఆ మొనకు లోపలగా గుండ్రంగా మూడు గుర్తులు. ఆవిరి ఇస్త్రీపెట్టె అడుగున మొన దగ్గర ఉండే రంధ్రాలు అవి.

"చాచా, ఛాయ్‌కు బొక్కలుంటయా?"

ఆయన గోడ మీది క్యాలెండరు చూశాడు.

"మచ్చ ఉన్న కాడ తోలుకు స్పర్శ తక్కువుంటది. కాలినా తెల్వది. చెప్పిన గద మీకు. ఎవరు చెప్పిండ్రు ఇస్త్రీ పెట్టుమని?"

"ఎవురూ చెప్పల్యా బేటీ. నా బుద్ధి గడ్డి తినింది. దర్జీ బుద్ధి."

"ఈ తోలు మానేదాంక టూల్ పెట్టను. రెండు వారాలైతది."

"శుక్రవారానికి ఇరవై ఆరు దినాలే ఉండాయి పాపా."

"నేనేం చేద్దు చాచా. కాలినదాని మీద గీకొద్దు."

ఆయన తల వంచుకున్నాడు. తెర ఇవతల నా నాలుక మీద ఏదో దురద మొదలైంది. అరవై ఐదేళ్ళ బాకీ అంతా ఒకేసారి మొలుచుకొస్తున్నట్టు అనిపించింది.

"నవీనా," అన్నాను, "ఆ వీర్రాజు నావాడు."

"ఏ వీర్రాజు అంకుల్?"

మొత్తం చెప్పాను. లారీతో సహా. ఆమె విని, ట్రేలోని టూల్సు ఒక్కొక్కటే సర్ది, "అంకుల్, తర్వాత మీదే నంబరు," అంది. ఆ పూట నా భుజానికి జరిగిన వైద్యంలో వైద్యం ఎంత, శిక్ష ఎంత అనేది ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. పైగా ఒక జరిమానా కూడా వేసింది. ఈ రెండు వారాలూ రోజూ అల్ అమెరాత్ వెళ్ళి, ఖమరుద్దీన్ చేత బొటనవేలి కసరత్తు చేయించడం నా బాధ్యత. కాలిన చోటు లాగకుండా ఎంతవరకు తెరవాలో గీత గీసి చూపించింది. కథలు నిషిద్ధం.

మా అమ్మాయి ఆఫీసుకు వెళ్తూ నన్ను ఆ దుకాణంలో దింపేది. దారిలో కారులోనే నేను క్షమాపణ సాధన చేసుకునేవాణ్ణి. మొదటి రోజు దాన్ని సగం చెప్పగానే ఖమరుద్దీన్ అడ్డుపడ్డాడు.

"ఇడ్సిపెట్టండి సార్. ఒకటి అడుగుతా. లారీ నిజంగా తోసినాడా?"

"లేదు."

"అదే అనుకున్యా. నడుము మాత్రం నిజమనుకున్యా."

రోజూ ఇద్దరం పక్కపక్కనే కసరత్తు చేసేవాళ్ళం. నాకు నవీన ఇచ్చినది గోడ ఎక్కడం. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళతో సాలీడులా చేతిని పైకి నడిపించాలి. ఆయన సీసా పట్టుకుని లెక్కపెట్టేవాడు. గిరాకీలు వచ్చి చూసి, మాస్టరు కొత్తగా పెట్టుకున్న ఈ ముసలాయన గోడకు రంగు చూస్తున్నాడా అని అడిగేవారు. ఖల్ఫాన్ మాత్రం ఏమీ అడగడు. పెట్టె మీద కూర్చుని ఖర్జూరాలు తింటూ చూస్తాడు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఖమరుద్దీన్ నన్ను గోడ దగ్గర చూస్తూ కళ్ళతో కొలిచేశాడు.

"సార్, మీ కుడి భుజం ఎడమదాని కన్నా ముప్పాతిక అంగుళం పైనుండాది. చెవితో ఏందో రహస్యం చెప్తాన్నట్ల."

"నొప్పికి అలా ఎగేసుకున్నాను."

"ఆ శుక్రవారం కోసేది మీ దిష్‌దాషానే. రెండు భుజాలు ఒక్కతీరుగా ఉండేవాళ్ళకు గుడ్డ మడిచి ఒక్కసారే కొయ్యొచ్చు. మీకు ఎడమ యేరు, కుడి యేరు. కష్టమైంది కోసి చూపిస్తేనే అర్బాబ్‌కు నమ్మకం."

అర్బాబ్ అంటే యజమాని. ఆ పూటే తెల్లగుడ్డ పరిచి, ఎడమచేత్తో సుద్ద పట్టుకుని నా కొలతకు గీతలు గీసి, మడిచి, పెట్టె పక్కన పెట్టాడు.

రెండు వారాలకు కమిలిన తోలు మానింది. నవీన మళ్ళీ టూల్ తీసింది. ఈసారి ఖమరుద్దీన్ గట్టిగా నూకమని అడగలేదు. నీళ్ళ సీసా పోయి లబన్ సీసా వచ్చింది. ఆఖరి బుధవారం నాడు ఫ్లాస్కు ముందు పెట్టింది. ఆయన బొటనవేలు చాపాడు. వేలు పట్టింది గాని జారింది. మళ్ళీ పట్టాడు. పది లెక్కపెట్టేదాకా నిలిచింది, పదకొండుకు జారింది.

"సరిపోతాదా బేటీ?"

నవీన అబద్ధం చెప్పే పిల్ల కాదు. కాన్వెంటులో చదవలేదు. "మస్తు మంచిగైంది చాచా. కానీ తొందరగ అలసిపోతది. పూర్తిగ రావాలంటే ఇంక మూడు నెలలు పడ్తది."

"శుక్రవారానికి మూడు నెలలు ల్యావు. రెండు దినాలుండాయి."

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక దుకాణం తెరిచారు. నవీనను నేనూ మా అమ్మాయీ కారులో తీసుకెళ్ళాం. ఖల్ఫాన్ కొత్త దిష్‌దాషా, అత్తరు కుచ్చుతో వచ్చి, బల్లకు వీపు పెట్టి, ఆ అట్టపెట్టె మీదే కూర్చున్నాడు. తండ్రిలాగే కళ్ళు మూసుకున్నాడు.

ఖమరుద్దీన్ గీతలు గీసి ఉంచిన గుడ్డ పరిచాడు. కత్తెర తీసి, పిడిలో వేళ్ళు పెట్టాడు. బొటనవేలు తెరుచుకుంది. బిస్మిల్లా అనుకుని మొదలుపెట్టాడు.

ఎడమ వైపు. అంచు దగ్గర కర్రుమని మొదలైన చప్పుడు నడుం దాటింది, చంక దాటింది, భుజం దగ్గర మెత్తగా ఆగింది. ఎక్కడా తెగలేదు. ఖల్ఫాన్ తల ఊగింది. నవీన ఊపిరి వదిలింది. నేను నాలుక మడిచి పెట్టుకున్నాను.

కుడి వైపు. మళ్ళీ అంచు నుంచి. నడుం దాకా బాగానే వచ్చింది. చంక దగ్గర చప్పుడు కొంచెం బరువెక్కింది. ఆయన నుదుటి మీద చెమట కనిపిస్తోంది. చంక దాటింది. భుజం ఇంకా జానెడు దూరం ఉండగా ఆగిపోయింది.

వీధిలో ఎవరో కారు హారను కొట్టారు. దుకాణంలో ఇంక ఏ చప్పుడూ లేదు.

ఖల్ఫాన్ కళ్ళు తెరిచి, మెల్లగా ఇటు తిరిగాడు. "ఖలాస్?" అన్నాడు. అయిపోయిందా అని. ఆయన చేయి తెలియకుండానే అట్టపెట్టె మీది టేపును తడుముతోంది.

ఖమరుద్దీన్ కత్తెర బల్ల మీద పెట్టాడు. యజమాని వంక చూడలేదు. నన్ను చూస్తున్నాడు.

"సార్, ఒకతూరి లేసి నిలబడండి. చేతులు కిందికి ఇడవండి."

నిలబడ్డాను.

"ఈ గీత మూడు వారాల కిందటిది. అప్పుడు మీ భుజం ముప్పాతిక పైనున్యాది. ఈ పాప గీకి గీకి దించినాది. ఇప్పుడు పావే ఉండాది. ఈ గీత మీదనే పోయింటే అంగీ మొత్తం పాడైపోయింటాది."

అదే మాట ఖల్ఫాన్‌కు హిందీలో చెప్పాడు. ఖల్ఫాన్ లేచి వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అలంకారానికి ఉన్న టేపును ఖమరుద్దీన్ మెడలోంచి లాగి, నా రెండు భుజాలకూ పెట్టి, వెనక్కి జరిగి, మళ్ళీ పెట్టి కొలిచాడు. పావు అంగుళమే.

ఖమరుద్దీన్ సుద్ద తీసుకుని కొత్త వంపు గీశాడు. కత్తెర పట్టుకుని మిగిలిన జానెడూ ఒక్క చప్పుడుతో కోసేశాడు.

ఖల్ఫాన్ చాలాసేపు ఆ కోసిన అంచును వేలితో తడుముతూ నిలబడ్డాడు.

"మిషను అయితే ఆగేది కాదు," అన్నాడు చివరికి.

"ఆగదు అర్బాబ్," అన్నాడు ఖమరుద్దీన్. "అది ఆగదనే గదా కొన్యారు."

ఖల్ఫాన్ నవ్వాడు. వెళ్ళి పెట్టె మీద కూర్చుని అందరికీ కరక్ ఛాయ్ చెప్పాడు. ఆ పెట్టె ఇప్పటికీ విప్పలేదు. ఛాయ్ గ్లాసులకు సరిగ్గా సరిపడే ఎత్తులో ఉందని ఇంకెవరూ దాన్ని కదిలించనివ్వడం లేదు.

ఇంటికి వస్తుంటే కారులో నవీన నన్ను అడిగింది.

"అంకుల్, ఒకటి చూసిండ్రా? మీ భుజం కొలుస్తుంటే చాచా చెయ్యి బల్ల కింద పెట్టి బొటనవేలు ఊపుకుంటున్నడు. రెండు నిమిషాలు రెస్టు దొరికింది."

నేనూ చూశాను. భుజం మాట నిజం. టేపే చెప్పింది. బొటనవేలు మాటా నిజమే. కానీ మనిషిని గడప దగ్గరే కొలిచేసే ఆ కళ్ళు మూడు వారాలుగా నన్ను దుకాణంలోనూ క్లినిక్‌లోనూ చూస్తూనే ఉన్నాయి కదా. భుజం దిగిన సంగతి సరిగ్గా ఆ జానెడు దూరంలోనే ఎందుకు కనిపించిందని నేను ఆయన్ని ఇంతవరకు అడగలేదు. కథకుడు కథకుణ్ణి అలాంటి ప్రశ్న అడగకూడదు. అది కూడా వృత్తి నియమమే.

ఖమరుద్దీన్ ఇప్పటికీ ఆదివారం, బుధవారం క్లినిక్‌కు వెళ్తాడు. ఫ్లాస్కు ముప్పై దాకా నిలుస్తోంది. ఈద్‌కు రెండు రోజుల ముందు నా దిష్‌దాషా ఇంటికి పంపాడు. వేసుకుని అద్దంలో చూసుకుంటే భుజాలు రెండూ తరాజులా సమంగా ఉన్నాయి. పండుగ భోజనాలకు వెళ్ళి, ఖల్ఫాన్ ఇంట్లో నలుగురి మధ్య దర్జాగా తిరిగాను. అందరూ నా వీపు చూసి చిరునవ్వుతో పలకరిస్తుంటే, కట్ బాగా కుదిరింది కాబోలు అనుకున్నాను.

ఇంటికొచ్చి విప్పాక చూశాను. వీపు మీద, సరిగ్గా నడుం దగ్గర, తెల్లగుడ్డ మీద తెల్లదారంతో, దగ్గరికొస్తే తప్ప కనిపించనంత సన్నగా ఒక చిన్న ఇస్త్రీపెట్టె కుట్టి ఉంది. మొన దగ్గర మూడు చుక్కలు. మూడింటి మధ్యా ఎడం సమంగా ఉంది.